మామగారి సంవత్సరీకం: పీట మీద ఎవరు కూర్చోవాలి?

ప్రశ్న: మాది గుంటూరు పట్టాభిపురం. నేనూ మావారూ రెండేళ్ల కిందట బాప్తిస్మం తీసుకున్నాం. అత్తగారిది మంగళగిరి, నేత కుటుంబం. కిందటి మాఘమాసంలో మామగారు పోయారు. ఏం చెప్పాలో తోచక అప్పుడు కర్మంతా మావారే చేశారు. వచ్చే నెల సంవత్సరీకం. పెద్దకొడుకు పీట మీద కూర్చోకపోతే ఆస్తిలో చిల్లిగవ్వ రాదని చిన్నమామగారు అంటున్నారు. మా పాస్టరుగారేమో ఆ రోజు ఆ గుమ్మమే తొక్కొద్దని, నా మెళ్లో పుస్తెలు కూడా తీసేయమని చెప్పారు. మావారి స్నేహితుడి సంఘంలో కాపరిగారు మాత్రం మనసులో యేసుప్రభువు ఉంటే చాలు, చేతులు ఏం చేసినా ఫరవాలేదన్నారు. అత్తయ్య కొండ మీది పానకం, దుర్గమ్మ ప్రసాదం పంపిస్తుంటారు. దసరాకి ఆవిణ్ణి బెజవాడ తీసుకెళ్లేది నేనే. పాపకి పదకొండేళ్లు, బాబుకి ఎనిమిది నెలలు. పాప ఫంక్షన్ గురించి ఇప్పటినుంచే మాటలు మొదలయ్యాయి. ఎంతవరకు చేయొచ్చు, ఎక్కడ ఆగాలి?
ఒక సోదరి, గుంటూరు

సమాధానం:

అమ్మా, మీకున్న గడువు నెల రోజులే కాబట్టి సంవత్సరీకంతోనే మొదలుపెడదాం. అది తేలితే మిగతావి చాలావరకు దాని వెంటే తేలిపోతాయి.

ఒక పని చేయొచ్చా కూడదా అన్నది పైకి కనపడేదాన్ని బట్టి చెప్పలేం. పువ్వులు పెళ్లికూతురి జడలో పెడతాం, శవం మీద వేస్తాం, దేవుడి పటానికీ వేస్తాం. పువ్వు ఒకటే. కాబట్టి అడగాల్సింది, ఇది ఎవరికి సమర్పిస్తున్నాం అని. ఆ జవాబు కోసం కూడా మన సంఘంవాళ్ల దగ్గరికి వెళ్లి లాభం లేదు. ఆ తంతు చేయించే పంతులుగారినే అడగాలి. దాని అర్థం తెలిసినవాడు ఆయన. మనవాళ్లు చాలామంది ఈ మెట్టు దాటేసి ఊహ మీద తీర్పులు చెబుతుంటారు. అందుకే ముగ్గులో దయ్యాన్ని చూసేవారూ ఉన్నారు, పిండంలో అన్నం ముద్దను మాత్రమే చూసేవారూ ఉన్నారు.

ఆబ్దికం రోజున పీట మీద జరిగేది చూడండి. కర్త ముందురోజు ఒంటిపూట ఉంటాడు. పొద్దున స్నానం చేసి, ఉంగరం వేలికి దర్భతో చేసిన పవిత్రం తొడుక్కుని కూర్చుంటాడు. సంకల్పంలో గోత్రం, పోయినవారి పేరు చెబుతాడు. ఎడమ భుజం మీది జంధ్యాన్ని కుడి భుజం మీదికి మార్చుకుంటాడు. తండ్రిని వసురూపంలో, తాతను రుద్రరూపంలో, ముత్తాతను ఆదిత్యరూపంలో పిలిచి మూడు పిండాలు పెడతాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి నువ్వులనీళ్లు వదులుతాడు. వసువులు, రుద్రులు, ఆదిత్యులు దేవతలు. అంటే ఆ రోజు తండ్రిని తలుచుకోవడంతో సరిపెట్టడం లేదు, దేవతారూపంలో పిలిచి ఆహారం సమర్పిస్తున్నారు. మేం మా తరఫునుంచి అంటగట్టిన అర్థం కాదిది, మంత్రంలో ఉన్న మాటే. బాప్తిస్మం తీసుకున్న మనిషి సమర్పణ అంతా ఒక్క దేవుడికేనని ఒప్పుకుని నీళ్లలో దిగాడు కాబట్టి మీవారు ఆ పీట మీద కూర్చోకూడదు. పిండం, తర్పణం, సంకల్పం, ఈ మూడూ ఆయన చేతుల మీదుగా జరగకూడదు.

మనసులో ప్రభువుని పెట్టుకుని చేతులతో పిండం పెట్టొచ్చన్న కాపరిగారి మాట మీ అత్తయ్యకి కూడా అన్యాయం చేసేదే. శ్రాద్ధం అన్న మాటే శ్రద్ధ నుంచి వచ్చింది. నమ్మకం లేని కొడుకు నోటితో గోత్రం చెప్పి, మనసులో వేరే ప్రార్థన చేసుకుంటూ పెట్టిన పిండం ఆవిడ లెక్కలో తన భర్తకు చేరినట్టా, చేరనట్టా? ఆ సంగతి ఆవిడకు తెలిసిన రోజున మీ మీద ఉన్న నమ్మకం పోతుంది. రెండు మతాల ప్రకారమూ చెల్లనిది ఈ మధ్యేమార్గం.

పెద్దవాడు ఊళ్లో లేకపోయినా, చేయగలిగిన స్థితిలో లేకపోయినా తర్వాతివాడు కర్తగా కూర్చోవడం ఆనవాయితీలో ఉన్నదే. మీ మరిది ఉంటే ఆయన కూర్చుంటాడు. తమ్ముడు లేని ఇంట్లో దాయాదుల్లో ఎవరు చేయొచ్చో పంతులుగారే చెబుతారు. అయితే ఈ మాట ఆయనకు కనీసం మూడు వారాల ముందు తెలియాలి. ఆ పొద్దున పీట వేశాక మీవారు వెనక్కి తగ్గితే ఇల్లంతా రచ్చవుతుంది, ఆ రచ్చ మీ అత్తయ్యకి జన్మంతా గుర్తుంటుంది.

ముందు చెప్పాల్సింది ఆవిడకే. చిన్నమామగారికి కాదు, పదిమంది ఉన్నప్పుడు కాదు. చెప్పాల్సింది మీరు కాదు, మీవారు. కోడలు నోటి వెంట వస్తే "ఇదంతా దాని పని" అయిపోతుంది. మాట ఇలా ఉంటే చాలు: "అమ్మా, నేను బాప్తిస్మం తీసుకున్నాను. పీట మీద కూర్చుంటే నా మాట నేను తప్పినట్టు, నాన్నకి కూడా నిజాయితీగా చేసినట్టు కాదు. తమ్ముడు కూర్చుంటాడు. మిగతా పనంతా నాది." వాక్యం వినిపించడానికి, విగ్రహాల గురించి మాట్లాడటానికి అది సమయం కాదు. సంఘంలో అలవాటైన "అన్యులు" అన్న మాట ఆ ఇంట్లో నోరు జారినా రాకూడదు. కన్నతల్లి అన్యురాలు ఎలా అవుతుంది?

మిగతా పనంతా నాది అన్నాక నిజంగా చేయాలి. ముందురోజు రాత్రే వెళ్లండి. షామియానా, నీళ్ల డబ్బాలు, బియ్యం, కూరగాయలు, వంటమనిషి, బంధువుల్ని స్టేషను నుంచి తీసుకురావడం, విస్తళ్లు వేసి వడ్డించడం, చివరి బంతి దాకా నిలబడటం, మర్నాడు పాత్రలు తోమించి పంపడం, ఇవన్నీ పెద్దకొడుకు చేసేవే. "తండ్రిని తల్లిని సన్మానింపుము" అన్న ఆజ్ఞ బాప్తిస్మంతో రద్దు కాలేదు. మీ పాస్టరుగారు గుమ్మం తొక్కొద్దన్నారు కానీ ఆ ఒక్కరోజు మీరు లేకపోతే ఊరంతా చెప్పుకునేది యేసుని నమ్మినవాడు తండ్రికి అన్నం దండగనుకున్నాడనే. భోజనాల ఖర్చులో సగం మీరు పెట్టుకోండి. బ్రాహ్మణుడికిచ్చే స్వయంపాకం, దక్షిణ మాత్రం కర్త ఇచ్చేవి కాబట్టి మరిది చేత ఇప్పించండి. ఆ డబ్బు ఇంటి ఉమ్మడి ఖర్చులో కలిసిపోతే దాన్ని విడదీసి లెక్కలు అడగకండి. అంత పట్టుదల అవసరం లేదు.

పిండాలు పెట్టే గంటసేపు మీవారు ఎక్కడ ఉండాలన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ అందరూ చూసేది దాన్నే. వీధిలో నిలబడి ఫోన్ చూసుకోవడం బాగుండదు. వంట దగ్గర గానీ, వచ్చినవాళ్ల దగ్గర గానీ పనిలో ఉంటే ఎవరూ ఏమీ అనరు.

ఫొటోకి దండ వేయొచ్చా? వేయొచ్చు. ఫొటో ముందు నిలబడి తల వంచొచ్చా? వంచొచ్చు. చైనాలో కతోలికులు పితరుల పేర్లున్న పలకల ముందు వంగొచ్చా కూడదా అని రెండు వందల ఏళ్లకు పైగా వాదన నడిచింది. 1742లో పోపు గట్టిగా వద్దన్నారు. 1939లో రోము, అది మర్యాదగా చేసేదైతే తప్పులేదని దారి ఇచ్చింది. దండ, మౌనం, రెండు మాటలు మాట్లాడటం ఆ కోవలోకి వస్తాయి. కొబ్బరికాయ కొట్టి హారతి ఇవ్వడం రాదు, అది మన ఊళ్లలో దేవుడికి చేసే ఉపచారం. ఇక్కడొక మెలిక ఉంది. 1969 నుంచి మనదేశపు కతోలిక పూజలో హారతి, నూనెదీపం, అంజలి, నేల మీద కూర్చోవడం అనుమతిలో ఉన్నాయి. ఆ హారతి దేవుడికే ఇస్తారు. హారతి పళ్లెం చెడ్డదని కాదు, పోయినవారికి ఇవ్వొద్దంటున్నాం.

కిందటేడు కర్మ మీవారే చేశారన్నది మిమ్మల్ని పీడిస్తున్నట్టుంది. కాపరి ముందు ఒకసారి ఒప్పుకుని, ప్రార్థన చేయించుకుని వదిలేయండి. మళ్లీ బాప్తిస్మం తీసుకోమని ఎవరైనా చెబితే వినకండి. లూథరన్, చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ), కతోలిక సంఘాలు రెండోసారి బాప్తిస్మం ఇవ్వవు. బాప్టిస్టులూ పెంతెకొస్తువారూ విశ్వాసం ఒప్పుకుని ముంచడం ద్వారా ఒకసారి జరిగినదాన్ని చాలనే అంటారు.

ఇక ఆస్తి. చిన్నమామగారి బెదిరింపు నీటిమీద రాత. మామగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే ఆయన స్వార్జితం మీద హక్కులు పోయిన రోజునే వారసులకు చేరిపోయాయి: భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికుంటే ఆమె, అందరికీ సమానంగా. ఏడాది తర్వాత పీట మీద ఎవరు కూర్చున్నారన్నదానికీ దీనికీ సంబంధం లేదు. మతం మారినంత మాత్రాన మనిషికి వారసత్వం పోదని 1850లోనే చట్టం చెప్పింది. 1956 హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ దెబ్బ మతం మారినవాళ్ల మీద పడదు, మారిన తర్వాత వాళ్లకు పుట్టిన పిల్లల మీద పడుతుంది. అంటే మీ పాపకి ఇబ్బంది లేదు గానీ బాబు, ఆస్తి ఉన్న మనిషి పోయే నాటికి హిందువు కాకపోతే, నాయనమ్మలాంటి హిందూ బంధువుల ఆస్తికి నేరుగా వారసుడు కాలేడు. తండ్రికి వచ్చిన వాటా తండ్రి నుంచి బాబుకి వస్తుంది, దానికి అడ్డేమీ లేదు. అత్తయ్య బాబుకి ఏదైనా ఇవ్వాలనుకుంటే వీలునామా రాయాలి. మగ్గాల షెడ్డూ ఇల్లూ తాతల నాటివైతే లెక్క వేరేగా ఉంటుంది. కాగితాలు పట్టుకుని సివిల్ వకీలుని కలవండి. ఆస్తి కోసం పీట మీద కూర్చోవడం, ఆస్తి కోసం కూర్చోనని భీష్మించడం, రెండూ వద్దు.

ప్రసాదం సంగతికి వస్తే, మొదటి కొరింథీయులకు రాసిన పత్రికలో 8, 10 అధ్యాయాలు ఒకేసారి కూర్చుని చదవండి. కొరింథులో కూడా ఇదే తంటా. పౌలు మూడు చోట్లను విడివిడిగా తీసుకుంటాడు. కటికి అంగడిలో అమ్మేది, ఏ గుళ్లోనుంచి వచ్చిందో ఆరా తీయకుండా తినండి. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తినండి. "ఇది బలి అర్పించినది" అని ఎవరైనా చెబితే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినకండి. గుడిలో విందుకి కూర్చోవడం మాత్రం కుదరదంటాడు, ప్రభువు బల్లా ఆ బల్లా రెండూ పనికిరావని. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో యెరూషలేము పెద్దలు అన్యజనులనుంచి వచ్చిన విశ్వాసులకు పెట్టిన నాలుగు నియమాల్లో మొదటిది కూడా విగ్రహార్పితం వద్దన్నదే.

మీ ఇంటికి పెట్టి చూస్తే, పానకం రెండు రకాలు. ఎండలో వచ్చిన మనిషికి అత్తయ్య బెల్లం, మిరియాలు, యాలకులు కలిపి గ్లాసుడు ఇస్తే చక్కగా తాగండి, అది దాహం. మంగళగిరి కొండ మీద స్వామి నోట్లో శంఖంతో పోస్తే సగం ఆయన స్వీకరించి సగం భక్తులకు విడిచిపెడతాడని నమ్మకం. ఆ మిగిలిన సగం సీసాలో పట్టుకొచ్చి "స్వామి ప్రసాదం" అని చేతిలో పెడితే అది పౌలు చెప్పిన మూడో చోటు. బెల్లం అదే, మిరియం అదే. ఆవిడ చెప్పిన మాటతో తేడా వచ్చింది. పులిహోరకీ ఇంతే. అమ్మవారి కొలుపుల్లో కోసిన వేట మాంసం వాటాగా వస్తే దానికీ ఇంతే. తరచి తరచి ఆరా తీయొద్దు, చెప్పాక తీసుకోవద్దు.

తీసుకోనని చెప్పడానికి ఒక పద్ధతుంది. ఎదురుగా చెప్పాలి, నవ్వుతూ చెప్పాలి: "అత్తయ్యా, నేను ప్రసాదం తీసుకోను, పక్కింటి పిన్నిగారికి ఇస్తారా, ఆవిడ సంతోషపడతారు." అందరూ చేసే పాడుపని, ఎదురుగా కళ్లకద్దుకుని తీసుకుని, ఇంటికెళ్లి చెత్తబుట్టలో వేయడం. ఏదో ఒకరోజు ఆ పొట్లం ఆవిడ కంటపడుతుంది. పిల్లలకి కూడా అదే పద్ధతి నేర్పండి గానీ, నాయనమ్మ చేతిలోంచి పాప ఒక ముద్ద తినేసి వస్తే ఇంట్లో పంచాయితీ పెట్టకండి. విగ్రహం వట్టిదని అదే పౌలు 8వ అధ్యాయంలో అన్నాడు. తిన్న ముద్దతో ఎవరూ అపవిత్రులు కారు.

దసరాకి అత్తయ్యని ఇంద్రకీలాద్రి తీసుకెళ్లే విషయంలో మా అభిప్రాయం మీ పాస్టరుగారితో కలవకపోవచ్చు. రెండో రాజుల గ్రంథం 5వ అధ్యాయంలో నయమాను కుష్ఠు పోయాక ఇక ఇశ్రాయేలు దేవుడికి తప్ప బలి అర్పించనన్నాడు. వెంటనే ఒక చిక్కు చెప్పాడు: నా రాజు రిమ్మోను గుడికి వెళ్లినప్పుడు నా చెయ్యి ఆసరాగా పట్టుకుంటాడు, ఆయనతోపాటు నేనూ వంగాల్సి వస్తుంది, క్షమిస్తాడా అని. ఎలీషా "నెమ్మదిగలిగి పొమ్ము" అన్నాడు. అది అందరికీ ఇచ్చిన లైసెన్సు కాదు. నయమాను దాచలేదు, ముందే చెప్పాడు, అక్కడ తన పని చెయ్యి ఆసరా ఇవ్వడమేనని చెప్పాడు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారి చెయ్యి పట్టుకుని మెట్లెక్కించే కోడలికి అంతకన్నా దగ్గర పోలిక దొరకదు.

కానీ ఆ చెయ్యి దాటి ఏం చేస్తున్నారో చూసుకోవాలి. కుంకుమార్చన టికెట్ తీసుకునేటప్పుడు గోత్రనామాల దగ్గర అత్తయ్య ఇంటిల్లిపాదినీ చేరుస్తారు. మీ పేరు, మీవారి పేరు, పిల్లల పేర్లు చదివించొద్దని ఇంటి దగ్గరే చెప్పి బయల్దేరండి. అమ్మవారి ముందుకు వచ్చాక ఆవిణ్ణి ముందుకు నిలబెట్టి మీరు వెనక ఉండండి. తీర్థం కోసం చెయ్యి చాచకండి. చీర, గాజులు సమర్పించేది ఆవిడ చేత్తోనే ఇప్పించండి. మూలా నక్షత్రం రోజున సరస్వతీ అలంకారానికి జనం తొక్కిసలాడతారు. ఆ రోజు తప్పించి వేరే రోజు పెట్టుకుంటే ఆవిడకూ సుఖం, మీకూ నిలకడగా ఆలోచించుకునే వీలుంటుంది. మరిది కూతురో, ఆడపడుచో తోడు వెళ్లగలిగితే ఇంకా మంచిది. నయమానుకి వేరే దారి లేదు, మీకు ఉండొచ్చు. తిరుమల మాత్రం వేరు. అక్కడ హిందువులు కానివాళ్లు స్వామి మీద విశ్వాసం ఉందని డిక్లరేషన్ సంతకం చేసి దర్శనానికి వెళ్లాలి. ఆ సంతకం మీరు నిజాయితీగా పెట్టలేరు కాబట్టి కొండ కింద ఉండిపోవాలి.

పుస్తెలు తీసేయమన్న మాట తొందరపాటు. ఈ ప్రశ్న కూడా కొత్తది కాదు. తెలుగుసీమలో ఫ్రెంచి జెస్విట్ ఫాదర్లు పని మొదలుపెట్టిన కాలంలోనే, 1704లో, పోపు ప్రతినిధి టూర్నాన్ పుదుచ్చేరిలో కూర్చుని తాళిబొట్టు గురించి తీర్పు చెప్పాల్సి వచ్చింది. పిళ్లైయారు (వినాయకుడి) బొమ్మ ఉన్న తాళి వద్దన్నాడు, సిలువో క్రీస్తు రూపమో ఉన్నది కట్టుకోవచ్చన్నాడు. అంతకుముందు 1623లో ఇంకో పోపు జంధ్యానికీ, పిలకకీ, గంధానికీ కూడా, మూఢనమ్మకం లేకుండా కులాచారంగా అయితే సరేనన్నాడు. 1744లో, చైనా పలకల విషయంలో వద్దన్న పోపే, టూర్నాన్ నిషేధాలు చాలావాటిని ఖాయం చేశాడు. మూడు వందల ఏళ్లుగా పెద్దపెద్దవాళ్లు తల పట్టుకున్న విషయాన్ని ఆదివారం కూటమయ్యాక చెప్పుల దగ్గర నిలబడి తేల్చేయడం కుదరదు.

మీ పుస్తెలు చూసుకోండి. రెండు బిళ్లలు, పుట్టింటిదొకటి, అత్తింటిదొకటి. వాటి మీద లక్ష్మీదేవి గానీ, నామాలు గానీ అచ్చయి ఉంటే మార్పించండి. బొమ్మ లేని సాదా బిళ్లలైతే మార్చే పనే లేదు, అవి మీ పెళ్లి గుర్తులు. మార్పించేటప్పుడు కరిగించే ముందు తూకం వేయించి చీటీ తీసుకోండి. సిలువో హృదయమో గుర్తు పోయించి, అదే బంగారంతో చేయిస్తే పుట్టింటి బంగారం పోయిందన్న బాధ ఉండదు. ముఖ్యంగా, కొత్తవి చేతికొచ్చేదాకా మెడ బోడిగా ఉంచకండి. భర్త పోయి ఏడాది తిరగని అత్తగారు, కొడుకు బతికుండగా కోడలి మెడ బోసిగా చూస్తే ఏమవుతుందో ఆలోచించండి. అన్ని రోజులూ పసుపుతాడు ఉండనివ్వండి, అది తాడే.

బొట్టు విషయంలో గుంటూరులోనే ఇంటింటికీ తేడా. కొందరికి అది తెలుగు ఆడపిల్ల అలంకారం, కొందరికి వదిలేసిన గుర్తు. అర్చనలో ఇచ్చిన కుంకుమ పెట్టుకోకండి. స్టిక్కరు మీ ఇష్టం. ఇంత చిన్న విషయాన్ని రక్షణకు కొలబద్ద చేయడం మాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

అత్తగారింటి పూజగది మీది కాదు. ఎఫెసులో మాంత్రికులు పుస్తకాలు తగలబెట్టారని కొందరు ఉదాహరణ చెబుతారు. అపొస్తలుల కార్యములు 19 చూడండి, వాళ్లు తగలబెట్టినవి సొంత పుస్తకాలు. పట్టాభిపురంలో మీ ఇంట్లో పాత పటాలు ఉంటే అడిగి అత్తయ్యకి ఇచ్చేయండి. పగలగొట్టడం, కాలవలో పారేయడం వద్దు.

పండగలు. ముగ్గు, మామిడి తోరణం, ఉగాది పచ్చడి, భోగి మంట, అరిసెలు, కొత్తబట్టలు, ఇవి మీవే, వదులుకోవద్దు. గొబ్బెమ్మలకు పూజ చేస్తారు కాబట్టి అవి వద్దు. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేది సంవత్సరీకం లెక్కలోకే వస్తుంది. మీ పిల్లలకి తాతని తలుచుకునే రోజు కావాలంటే నవంబరు 2న సమాధుల పండగ ఉంది, కతోలికులూ చాలామంది ప్రొటెస్టెంటులూ సమాధులు కడిగి పువ్వులు, కొవ్వొత్తులు పెడతారు. మామగారిని దహనం చేసి ఉంటే సమాధి ఉండదు కాబట్టి ఆ సాయంత్రం ఇంట్లో ఫొటో దగ్గర కూర్చుని ఆయన గురించి పిల్లలకి చెప్పండి. ఏ మగ్గం మీద కూర్చునేవారు, ఏ పాట పాడేవారు, అలాంటివి.

పాప ఫంక్షన్ ఇంకా రాలేదు కాబట్టి క్లుప్తంగా. టూర్నాన్ జాబితాలో ఇదీ ఉంది, రజస్వల వేడుక చేయకూడదని. ఆయన వద్దన్నది పండగ మొత్తాన్ని. మేం అంతదూరం వెళ్లం. చిమ్మిలి తినిపించడం, ఓణీ కట్టించడం, మేనమామ బట్టలు, బంధువుల భోజనం ఉంచండి. ముహూర్తం, మంగళహారతి, మూలన కూర్చోబెట్టి అంటు అనడం తీసేయండి. చివరిది తీసేస్తే పాపకే మేలు. ఫ్లెక్సీ కట్టాలా వద్దా అన్నది పాపని అడగండి, ఆమె సిగ్గుపడేదానికి ఊరంతా బొమ్మలెందుకు?

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. పాత ఆరాధన బొట్టులోనూ పుస్తెల్లోనూ అంతగా మిగలదు, మొక్కులో మిగులుతుంది. ఫిబ్రవరిలో బెజవాడ గుణదల మేరీమాత తిరునాళ్లకు వెళ్లి చూడండి, తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు, కొండ ఎక్కుతారు. కతోలిక సంఘం దాన్ని ఆపలేదు. లూథరన్లకీ బాప్టిస్టులకీ అది మింగుడుపడదు. మాకు మాత్రం గుండు కన్నా దాని వెనక బేరం భయం: పని అయితే ఇది ఇస్తా, కాకపోతే వేరే దగ్గరికి పోతా. గుండు కొట్టించుకోనివాళ్లు కూడా ఉద్యోగం వస్తే మూడు ఆదివారాలు ఉపవాసమని, అభిషేకం నూనె సీసా గల్లాపెట్టెలో పెడితే వ్యాపారం పెరుగుతుందని అదే బేరం ఆడుతుంటారు. మీ ఇంట్లో పుస్తెల మీద ఇంత చర్చ జరుగుతున్నప్పుడు ఆ సీసా ఏమైనా ఉందేమో కూడా చూసుకోండి.

మీ పాస్టరుగారికి ఇవన్నీ ఈ వారమే చెప్పండి. అనుమతి అడుగుతున్నట్టు కాదు, దాచకుండా: ఆ రోజు మేం వెళ్తున్నాం, పీట మీద కూర్చోవడం లేదు, వడ్డన మాది అని. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ప్రభు సంస్కారం మీకు ఆపేస్తామంటే ఏ కారణంతోనో అడగండి, వెళ్లినందుకా, సమర్పించినందుకా అని. ఆయన జ్ఞాపకార్థ కూటం పెడదామంటే సరేననండి. అయితే తద్దినం రోజున కాదు, మంగళగిరిలో కాదు. ఒక వారం ఆగి గుంటూరులో మీ ఇంట్లో పెట్టుకోండి, అత్తయ్యని పిలవండి, ఆవిడకి నచ్చిన కూర చేయండి, ప్రసంగం పదిహేను నిమిషాలు దాటకుండా పాస్టరుగారికి ముందే చెప్పండి.